వెనక్కి తిరిగే టైము రాసుకున్నారా?

మెమోరియల్ డే లాంగ్ వీకెండ్‌కి రెండు నెలల ముందే మా వాట్సాప్ గ్రూపు వేడెక్కింది. డాలస్ చుట్టుపక్కల ఉండే నాలుగు కుటుంబాలం, పిల్లలతో కలిపి పద్నాలుగు మందిమి. వెళ్లేది గ్రాండ్ కాన్యన్. ఎక్సెల్ షీటు బాధ్యత నాది. సాఫ్ట్‌వేర్ వాడిని కదా, ఎవరూ అడక్కుండానే అది నా నెత్తిన పడుతుంది. విమానం టికెట్లు ఒక ట్యాబ్, వ్యాన్లు ఒక ట్యాబ్, గదులు, వంటలు, రైస్ కుక్కర్ ఎవరు తెస్తారు, ఆవకాయ ఎవరిది, గ్రూపు ఫొటోకి ఏ రంగు టీషర్టులు... మొత్తం ఏడు ట్యాబులు. ఖర్చుల లెక్కకి నేను రాసిన ఫార్ములాలు చూసి మా ఆవిడ, "ఆఫీసులో కూడా ఇంత శ్రద్ధగా పనిచేస్తారా?" అని అడిగింది.

ఎన్ని గంటలకి, ఎక్కడి నుంచి వెనక్కి తిరగాలి అన్నది మాత్రం ఆ ఏడు ట్యాబుల్లో ఎక్కడా లేదు.

2019 నాటి మాట ఇది. ఇన్నేళ్ల తర్వాత ఎందుకు చెబుతున్నానంటే, వేసవి వస్తే మన ఇళ్లలో మళ్లీ అవే షీట్లు తయారవుతాయి. ఇప్పుడు మనవాళ్లు నయాగరా, డిస్నీ దాటి చాలా దూరం వచ్చేశారు. జాయన్‌లో ఏంజెల్స్ ల్యాండింగ్, హవాయిలో స్కూబా, కెన్యా సఫారీ, కిలిమంజారో. సంతోషమే. నేను కూడా ఆ దారిలోనే ఉన్నాను. కానీ మనం ప్రయాణానికి చేసే ఏర్పాట్లన్నీ హోటల్ గుమ్మం దాకానే ఉంటున్నాయి. అక్కడి నుంచి కాళ్లతో నడవాల్సిన భాగం దేవుడి మీద భారం.

శుక్రవారం ఆఫీసులు ముగించుకుని సాయంత్రం విమానం ఎక్కాం. ఫీనిక్స్‌లో దిగి, వ్యాన్లు తీసుకుని, నాలుగు గంటలు నడిపి హోటల్ చేరేసరికి అక్కడి టైము రాత్రి రెండు. మా ఒంటికి నాలుగు. పొద్దున్న ఐదింటికి లేచి నడక మొదలుపెట్టాలని షీటులో రాసింది నేనే. లేచింది ఎనిమిదిన్నరకి. స్నానాలు, కాఫీలు, పిల్లల అలకలు, పార్కు గేటు దగ్గర కార్ల వరస, పార్కింగ్ వెతుకులాట. బ్రైట్ ఏంజెల్ దారి మొదట్లో నిలబడి ఫొటో దిగేసరికి పదకొండు. పొద్దున పదినుంచి సాయంత్రం నాలుగు దాకా లోయలో నడవొద్దని పార్కు వాళ్లు బోర్డులు పెట్టి మరీ చెబుతారు. మేం మొదలుపెట్టిందే సరిగ్గా ఆ టైములో.

ఒకటిన్నర మైళ్ల దగ్గర రాతితో కట్టిన చిన్న విడిది ఉంటుంది. అక్కడి నుంచి వెనక్కి వచ్చేద్దామని నోటిమాటగా అనుకున్నాం. దిగడం ఎంత తేలికగా ఉందంటే, పిల్లలు పరుగులే. ఆ విడిది దగ్గర మా బావగారు (మా ఆవిడ అన్నయ్య, అప్పటికి 51 ఏళ్లు, షుగరు, బీపీ మాత్రలు వాడతారు) రాతి మీద కూర్చుని, "బావా, మీరు వెళ్లి రండి. నేనిక్కడే నీడలో కూర్చుంటాను" అన్నారు.

నేనేమన్నానో నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. "ఇంతదూరం వచ్చాక ఏంటి బావగారూ, ఇంకొక్క ఒకటిన్నర మైలేగా, పదండి."

ఆయన లేచారు. అందరూ నవ్వారు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

మూడు మైళ్ల విడిది చేరేసరికి ఒంటిగంట. అక్కడ కొళాయి ఉంది. ఎండ 90 దాటింది. మేమంతా ఆయనతో "నీళ్లు తాగండి, నీళ్లు తాగండి" అంటూనే ఉన్నాం. ఆయన తాగుతూనే ఉన్నారు. గంటసేపు కూర్చుని పైకి బయల్దేరాం. అర మైలు ఎక్కామో లేదో ఆయనకి తలనొప్పి, తర్వాత వాంతి, తర్వాత ఒకే ప్రశ్న రెండు మూడుసార్లు అడగడం మొదలైంది. ఎండదెబ్బ అనుకుని ఇంకో సీసా చేతికిచ్చాను.

అదృష్టం కొద్దీ పార్కు వలంటీరు ఒకావిడ అటుగా వచ్చింది. ఇలాంటి నడకదారుల్లో మనుషుల్ని ముందే గమనించి ప్రమాదాలు ఆపడానికి గ్రాండ్ కాన్యన్‌లో 1990ల చివరి నుంచి ప్రత్యేకంగా ఒక బృందం పనిచేస్తోంది. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న ఎన్ని నీళ్లు తాగారని కాదు. "పొద్దుటి నుంచి ఏం తిన్నాడు?" అని.

ఆ రోజు శనివారం. బావగారికి శనివారం ఒంటిపూట. పగలంతా పాలు, పండు, రాత్రికి పలహారం. పాతికేళ్లుగా ఆయన తప్పని నియమం. పొద్దున ఒక అరటిపండు, కాఫీ. అప్పటికి మూడు లీటర్ల దాకా నీళ్లు.

ఆవిడ నా చేతిలో సీసా తీసి పక్కన పెట్టింది. ఉప్పు బిస్కెట్లు బయటికి తీసి, కొంచెం కొంచెంగా తినమంది. చెమటతో ఒంట్లో ఉప్పు పోతూ ఉంటే, తిండి లేకుండా ఉత్త నీళ్లే తాగుతూ పోతే, రక్తంలో సోడియం పలచబడిపోతుందని, దాని లక్షణాలూ ఎండదెబ్బ లక్షణాలూ చాలావరకు ఒకేలా ఉంటాయని, అప్పుడు ఇంకా నీళ్లు తాగించడం ప్రాణం మీదికి తెస్తుందని అప్పుడే మొదటిసారి విన్నాను. నేను మాస్టర్స్ చదివినవాడిని. పద్నాలుగు మందిలో పెద్దవాళ్లు ఎనిమిదిమంది, వాళ్లలో ఏడుగురు ఇంజినీర్లే. ఒక్కరికీ తెలియదు. బీపీకి ఇచ్చే కొన్ని మాత్రలు, ముఖ్యంగా మూత్రం ఎక్కువగా పోయేలా చేసేవి, సోడియాన్ని ఇంకా తగ్గిస్తాయని తర్వాత ఆయన డాక్టరు చెప్పారు. బావగారి మాత్రలో అదీ ఉంది.

సాయంత్రం అయిదున్నర దాకా ఆయన్ని ఒక రాతి నీడలో కూర్చోబెట్టాం. ఒక్క రెండు గంటలు ఆలస్యంగా ఆవిడ కంటపడి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడం నాకిష్టం ఉండదు. ఎండ తగ్గాక వంద అడుగులు, ఆగడం, ఇంకో వంద, ఆగడం. ఎనిమిది కాకుండానే చీకటి పడింది. పద్నాలుగు మందిలో ఒక్కరి దగ్గరా తలకి కట్టుకునే లైటు లేదు. సెల్‌ఫోన్ టార్చీలు. వాటిలో సగం ఫొటోలు తీసీ తీసీ ఆరిపోయాయి. పైకి చేరేసరికి రాత్రి తొమ్మిది. వ్యాన్‌లో కూలర్ తెరిస్తే రెండు పెద్ద ట్రేల నిండా పులిహోర. పైకి వచ్చాక హాయిగా కూర్చుని తిందామని పొద్దున అక్కడే వదిలేశాం. ఉప్పు, అన్నం, వేరుశనగలు, నూనె. నడకలో ఒంటికి కావలసినవన్నీ మేం స్వయంగా కలిపి, వ్యాన్‌లో పెట్టి తాళం వేశాం.

ఇందులో పెద్ద తప్పు పులిహోర వదిలేయడం కాదు, ఉపవాసం కూడా కాదు. ఒకటిన్నర మైలు దగ్గర కూర్చున్న మనిషిని నేను లేపడం.

ఆయనకి తన ఒంటి సంగతి తెలుసు. చెప్పాడు కూడా. కానీ మన గుంపుల్లో ఒకరు ఆగుతానంటే మనం దాన్ని వినం, బతిమాలతాం. పెళ్లిలో ఇంకో లడ్డు వేసినట్టు ఇంకో మైలు వడ్డిస్తాం. "మీరు రాకపోతే మేమూ వెళ్లం" అంటాం. ప్రేమతోనే అంటాం, అందులో అనుమానం లేదు. కానీ ఆ ప్రేమకి లొంగి లేచే మనిషి పద్నాలుగు మంది సరదాని పాడుచేయలేక లేస్తాడు, ఓపిక ఉండి కాదు. తెల్లవాళ్ల గుంపుల్లో నేను చూశాను. ఒకరు "నాకిక్కడికి చాలు" అంటే "సరే, నాలుగింటికి కలుద్దాం" అంటారు, అంతే. మొదట్లో నాకది ముభావంగా అనిపించేది. ఇప్పుడు అనిపించదు. అయితే అదీ పూర్తిగా సరికాదు. ఒంటరిగా వదిలేయకూడదు, ఆయనతో పాటు ఇంకొకరు ఆగాలి. మన పద్ధతిలో ఆ మంచి ఉంది, దాన్ని వాడుకోవాల్సింది పోయి పాడుచేసుకున్నాం.

"తిరుమల కొండ చెప్పుల్లేకుండా ఎక్కినవాళ్లం, మాకు ఇదొక లెక్కా?" అని ఆ రోజు పొద్దున మాలో ఒకాయన అన్నాడు. ఈ మాట చాలామంది నోట విన్నాను కాబట్టి దీని గురించి కొంచెం చెప్పాలి. అలిపిరి దారిలో 3,550 మెట్లు. నిజంగానే కష్టమైన ఎక్కుడు. కానీ అక్కడ ముందు ఎక్కుతాం. అలసిపోతే ఆ అలసటే చెబుతుంది, కూర్చోమని. కూర్చున్న ప్రతిచోటా పైకప్పు, మంచినీళ్లు, సోడా, ఉప్పూ కారం చల్లిన మామిడికాయ ముక్కలు. పైకి వెళ్లాక దిగడానికి బస్సు. గ్రాండ్ కాన్యన్ దీనికి పూర్తిగా తలకిందులు. ముందు దిగుతాం, ఓపిక ఉన్నప్పుడు, చల్లగా ఉన్నప్పుడు. మూడు మైళ్లు దిగితే 2,100 అడుగుల పైన కిందికి వచ్చేస్తాం, ఒంటికి తెలియనే తెలియదు. ఎక్కడం మొదలయ్యేది ఓపిక అయిపోయాక, ఎండ ముదిరాక. దిగడానికి పట్టిన టైముకి రెట్టింపు ఎక్కడానికి పడుతుందని లెక్క వేసుకోమంటారు. పైగా కిందికి వెళ్లేకొద్దీ వేడి పెరుగుతుంది. నది ఒడ్డున వేసవిలో 100 దాటడం మామూలే, 110 కూడా వింతేం కాదు. అంటే ఈ లోయలో అలసట మనకి సరైన టైములో చెప్పదు. గడియారమే చెప్పాలి.

అది వయసు మీద, ఒంటి బలం మీద ఆధారపడింది కూడా కాదు. 2004లో 24 ఏళ్ల అమ్మాయి, అదే ఏడాది బోస్టన్ మారథాన్‌ని మూడు గంటల పైచిలుకులో పూర్తిచేసిన అమ్మాయి, జులై ఎండలో చాలీచాలని నీళ్లతో ఈ లోయలోకి దిగి చనిపోయింది. ఆ తర్వాత పార్కు వాళ్లు మీరు బోస్టన్ మారథాన్ పరుగెత్తగలరా అని అడుగుతూ బోర్డులు పెట్టారు. మా ఫొటోలు చూస్తుంటే తెలిసింది, మేం ఆ రోజు అలాంటి హెచ్చరిక బోర్డు పక్కనే నిలబడి సెల్ఫీ దిగాం.

మా వృత్తిలో ఒక అలవాటు ఉంది. కొత్త కోడ్‌ని ప్రొడక్షన్‌లోకి పంపేముందు, అది పనిచేయకపోతే వెనక్కి ఎలా తీసుకోవాలో రాయకుండా ఎవరూ అనుమతి ఇవ్వరు. రోల్‌బ్యాక్ ప్లాన్ అంటాం. ఏ గంటకల్లా పని పూర్తికాకపోతే వెనక్కి వెళ్లాలి, ఆ నిర్ణయం ఎవరిది, అన్నీ ముందే రాసి ఉంటాయి. ఎందుకంటే అర్ధరాత్రి రెండింటికి, కళ్లు మూతలు పడుతున్నప్పుడు, "ఇంకో పది నిమిషాలు చూద్దాం" అనే మనిషి ప్రతి టీములోనూ ఒకడుంటాడు. అది నేనే కావచ్చు. ఆఫీసులో ఎవరిదో వెబ్‌సైటు కోసం ఇంత జాగ్రత్త పడేవాణ్ని, సొంత బావగారి విషయంలో పడలేదు.

ఇప్పుడు మా షీటులో మొదటి ట్యాబు అదే. పేరు 'వెనక్కి'. అందులో మూడే గడులు. ఏ చోటి నుంచి, ఏ టైముకి తిరగాలి. ఆ మాట చెప్పే మనిషి ఎవరు. ముందుగా ఆగిపోయేవారితో ఎవరు ఉంటారు. టైము దాటితే గమ్యం కళ్లముందు వంద అడుగుల దూరంలో ఉన్నా తిరగాల్సిందే. చెప్పే మనిషిగా గుంపులో అందరికంటే హుషారైనవాణ్ని పెట్టొద్దు, నెమ్మదిగా నడిచేవాళ్లని పెట్టండి. మా గ్రూపులో ఇప్పుడు ఆ పని మా వదినగారిది. ఆవిడ మాటకి అప్పీలు లేదు.

ఇక ఒంటిని సిద్ధం చేసుకోవడం. డాలస్ అరచేయిలా చదునుగా ఉండే ఊరు, ఎక్కడానికి మట్టిదిబ్బ కూడా దొరకదు. ఆఫీసు పార్కింగ్ గ్యారేజీ మెట్లే నాకు కొండ. ఆరు అంతస్తులు. భోజనం టైములో వీపుకి సంచి తగిలించుకుని ఎక్కి దిగేవాణ్ని. మొదటి వారం రెండుసార్లకే ఆయాసం. ఎనిమిది వారాల తర్వాత, సంచిలో నాలుగు లీటర్ల నీళ్లు పెట్టుకుని పదిసార్లు. సెక్యూరిటీ అతను మొదట అనుమానంగా చూశాడు, తర్వాత లెక్క పెట్టడం మొదలుపెట్టాడు. ఎక్కడంకంటే దిగడం ముఖ్యం అని అక్కడే తెలిసింది. మోకాళ్లు అరిగేది దిగేటప్పుడే. బూట్లు ప్రయాణానికి రెండు రోజుల ముందు కొనకండి. రెండు నెలల ముందు కొని, అవే వేసుకుని కూరగాయల దుకాణానికి వెళ్లండి. ట్రెడ్‌మిల్ మీద గంట నడుస్తాం కదా అంటారు కొందరు. ట్రెడ్‌మిల్‌కి దిగుడు ఉండదు, ఎండ ఉండదు, ఆపే మీట ఉంటుంది.

తిండి విషయంలో మనకి కొత్తగా కొనాల్సింది పెద్దగా ఏమీ లేదు. పులిహోర, జంతికలు, ఉప్పు శనగలు, చెగోడీలు. చిన్నప్పుడు జ్వరం వస్తే అమ్మ కలిపి ఇచ్చిన ఎలక్ట్రాల్ పొట్లాలే ఇక్కడ ఇండియన్ స్టోర్లలో దొరుకుతాయి. ఉపవాసాలు ఉండేవాళ్లు ఆ రోజు నడక పెట్టుకోవద్దు, అంతే. షీటులో శనివారం బదులు ఆదివారం రాస్తే సరిపోయే విషయం అది. బావగారిని నియమం తప్పమని నేనడగను, ఆయన తప్పరు కూడా. బీపీ, షుగరు మాత్రలు వాడేవాళ్లు ఎండలో ఇన్ని గంటలు నడవబోతున్నామని డాక్టరుకి ముందే చెప్పాలి. నీళ్ల కొళాయిలున్నాయి కదా అని సీసాలు తగ్గించుకోవద్దు. గ్రాండ్ కాన్యన్ గొట్టపు మార్గం పాతది, తరచూ పగులుతుంది. ఆ దారి మధ్యలో ఉన్న విడుదుల దగ్గర చలికాలంలో నీళ్లు రావు.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల సంగతి వేరు. వాళ్లకి అన్నీ చూపించాలని మన ఆరాటం. సముద్రమట్టానికి అయిదారు వందల అడుగుల ఎత్తులో ఉండే మా ఊరి నుంచి కొలరాడో వెళ్లి, మర్నాడే కారులో 14,115 అడుగుల పైక్స్ పీక్ మీదికి తీసుకెళ్లేవాళ్లు ఉన్నారు. నడవలేదు కదా, కారులోనే కదా అంటారు. గాలి పలచబడటానికి కారుతో పనేముంది? డెన్వర్‌లో ఒకటి రెండు రోజులు ఉండి, తలనొప్పి, ఆయాసం ఉన్నాయేమో చూసుకుని పైకి వెళ్లడం ఉత్తమం. గుండె జబ్బున్న పెద్దవాళ్లయితే డాక్టరుని అడక్కుండా అసలు వద్దు. వాళ్లకి తీసుకునే విజిటర్ ఇన్సూరెన్సులో పాత జబ్బులకి ఎంతవరకు వర్తిస్తుందో కాగితం చివరి పేజీ దాకా చదవండి. నేను మొదటిసారి చదివింది మా నాన్నగారు వెళ్లిపోయాక, అటక సర్దుతుంటే.

నీళ్ల దగ్గర మన పరిస్థితి ఇంకా ఘోరం. మన తరంలో చాలామందికి ఈత రాదు. ఏటా వేసవిలో ఏదో ఒక జలపాతం దగ్గరో, సరస్సులోనో మన విద్యార్థులు మునిగిపోయిన వార్త ఈ పేజీల్లోనే చదువుతున్నాం. ఎండాకాలంలోనే కాదు, 2022 డిసెంబరు 26న అరిజోనాలో వుడ్స్ కాన్యన్ సరస్సు మీద గడ్డకట్టిన మంచుపై నడుస్తుండగా అది విరిగి మనవాళ్లు ముగ్గురు చనిపోయారు. మంచు చూడని ప్రాంతం నుంచి వచ్చినవాళ్లకి ఏ మంచు మోస్తుందో, ఏది మోయదో చెప్పేవారెవరు? ఎంఎస్‌కి వచ్చే పిల్లలకి ఎయిర్‌పోర్టులో స్వాగతం చెప్పి, బ్యాంకు ఖాతా ఎలా తెరవాలో నేర్పే మన సంఘాలు ఈ సంగతి కూడా ఒక గంట చెబితే బాగుంటుంది. యూనివర్సిటీ కొలనులో ఈత నేర్పుతారని చాలామంది పిల్లలకి రెండో సెమిస్టరు దాకా తెలియదు.

హవాయి వెళ్లేవాళ్లకి ఒక మాట. డైవింగ్‌కి ముందు ఇచ్చే ఆరోగ్యం ఫారంలో ఉబ్బసం ఉందా, బీపీ ఉందా అని అడిగితే, డాక్టరు సంతకం తెమ్మంటారని మనవాళ్లు 'లేదు' అని రాసేస్తారు. అది వీసా ఫారం కాదు, నెగ్గడానికి. ఇంకొకటి, రోజుకి రెండు మూడు డైవ్‌లు చేశాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదన్న సంగతి టికెట్ కొనేటప్పుడే గుర్తుండాలి. మావీలో చాలామంది మధ్యాహ్నం దాకా డైవ్ చేసి, మర్నాడు తెల్లవారుజామున హాలేయకలా మీదికి సూర్యోదయం చూడ్డానికి కారెక్కుతారు. ఆ కొండ 10,023 అడుగులు. ఒంట్లో కరిగిన నత్రజనికి విమానమైనా కొండైనా ఒకటే. సూర్యోదయం ముందు చూసి, డైవింగ్ తర్వాతి రోజులకి పెట్టుకుంటే గొడవే లేదు.

సఫారీకి వెళ్లేవాళ్లలో మన ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. కెన్యా చూసుకుని అటునుంచి అటే హైదరాబాద్ వెళ్దామనుకుంటాం, సగం దూరం వచ్చేశాం కదా అని. అమెరికా నుంచి నేరుగా కెన్యా వెళ్లినప్పుడు ఎవరూ అడక్కపోవచ్చు గానీ, కెన్యా నుంచి ఆరు రోజుల్లోపు ఇండియాలో దిగితే ఎల్లో ఫీవర్ టీకా కార్డు చూపించాలి. లేకపోతే ఆరు రోజుల దాకా విడిగా ఉంచుతారు. అమ్మమ్మ ఇంట్లో గడపాల్సిన రోజులు క్వారంటైన్‌లో పోతాయి. ఆ టీకా అన్ని క్లినిక్కుల్లో ఉండదు, వేయించుకున్న పది రోజుల తర్వాతే కార్డు చెల్లుతుంది, 60 దాటినవాళ్లు డాక్టరుతో మాట్లాడకుండా వేయించుకోకూడదు. మలేరియా మాత్రలు మనకెందుకు, మనం పుట్టిందే దోమల్లో అనే ధీమా కూడా వదిలేయాలి. ఇరవై ఏళ్లు ఇక్కడ ఉన్నాక ఆ పాత రక్షణ ఏమీ మిగలదు. ఇక్కడ పుట్టిన పిల్లలకి అసలే లేదు.

"ఇన్ని ఆలోచిస్తే ఇంట్లో కూర్చోవాల్సిందే" అని మా గ్రూపులో ఒక మిత్రుడు అన్నాడు. నేనొప్పుకోను. పదకొండేళ్ల మా అమ్మాయి ఇప్పుడు నాకంటే ముందు నడుస్తుంది. ఇంట్లో కూర్చోవాలనుకుంటే మెట్లెందుకు ఎక్కుతాను?

చెప్పాల్సింది ఇంకొకటి మిగిలింది, అది రాయడమే కష్టం. ఆ ట్రిప్పు తర్వాత మా బావగారు ఏ ప్రయాణానికీ రాలేదు. గ్రూపులో ఎవరో సరదాగా పెట్టిన ఒక మీమ్, ఎవరో వేసిన 'శనివారం హీరో' అన్న జోకు. ఆయన నవ్వు బొమ్మ పెట్టి ఊరుకున్నారు. తర్వాత ప్రతిసారీ ఏదో ఒక పని. ఆఫీసులో రిలీజ్, ఇంటికి పెయింటింగ్. ఆయన వల్ల అందరి ట్రిప్పూ పాడైందని ఆయన నమ్మారు. అది నా వల్ల అని నేను చెప్పడానికి రెండేళ్లు పట్టింది. వాళ్లింట్లో దసరా భోజనానికి వెళ్లినప్పుడు, పెరట్లో చేతులు కడుక్కుంటూ చెప్పాను. "మీరు కూర్చుంటానన్నారు, నేనే లేపాను" అని. ఆయన కాసేపు కొళాయి వంక చూసి, "అది మీకు గుర్తుందా!" అన్నారు. ఇంకేం అనలేదు. మర్నాడు నా గ్యారేజీ మెట్ల గురించి ఫోన్ చేసి అడిగారు.

ఈ అక్టోబరులో మళ్లీ గ్రాండ్ కాన్యన్ వెళ్తున్నాం. ఒక రోజు ముందే చేరుతున్నాం, ఆదివారం పొద్దున ఆరింటికి నడక. షీటు పంపిన రాత్రే 'వెనక్కి' ట్యాబులో మొదటి గడి బావగారు నింపేశారు: "ఒకటిన్నర మైలు, ఏడున్నర. నాతో మా చెల్లెలు ఆగుతుంది. పులిహోర నా సంచిలో ఉంటుంది, కిందికి వెళ్లేవాళ్లు ముందే పొట్లాలు కట్టించుకోవాలి."